వెనక్కి తిరిగిన సీటు

నేను ఒక చెక్కను. మామిడి చెక్కను. నాలుగడుగుల పొడవు, జానెడు వెడల్పు. ఒక పక్క సిమెంటు మచ్చలు, రెండు కొసలకూ సైకిలు ట్యూబు చుట్టలు. ఇంత చెప్పినా మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. షేర్ ఆటోలో డ్రైవరు సీటు వెనకాల, అతని వీపుకు వీపు ఆనించి కూర్చోవడానికి ఒక చెక్క అడ్డంగా వేస్తారే, అది నేనే. చట్టం లెక్కలో నేను లేను. ఆటోలో ముగ్గురే ఎక్కాలని రాసినవారు పొద్దున్నే అయిదున్నరకు కొత్తకుంట కాలనీ మొదట్లో ఎప్పుడూ నిలబడి ఉండరు. అందుకని వారిమీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కొంచెం హోదా ఉండాలి.

ఆటోలో వెనక సీటువాళ్ళు దొరలు. వాళ్ళకు ముందు దారి కనబడుతుంది. నా మీద కూర్చున్నవాళ్ళ ముఖం మాత్రం వచ్చిన దారివైపు ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో కనబడదు, ఏమేమి దాటిపోయాయో కనబడుతుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. ఒక ఆడమనిషి బతుకు దీని దగ్గరే తిరగబడింది.

కొత్తకుంట అని ఇప్పుడు అంటున్న చోట ఒకప్పుడు మామిడితోట ఉండేది. తోటను ప్లాట్లుగా కోసిన ఏడాదే మమ్మల్నీ కోశారు. మామిడి చెక్కకు మర్యాద తక్కువ. టేకయితే సింహద్వారమవుతుంది, దేవుడి మందిరమవుతుంది. మామిడయితే సెంట్రింగు పనికి పోతుంది, అదీ తప్పితే కాటికి పోతుంది. నాకు సెంట్రింగు దక్కింది. అదృష్టవంతుణ్ణే అనుకున్నాను.

నన్ను తీసుకెళ్ళి నగరానికి పడమటి దిక్కున కడుతున్న ఒక అద్దాల మేడ దగ్గర పడేశారు. అప్పటికి అద్దాలు లేవు, ఇనుప చువ్వలే. అక్కడే గురువులు చేతిలో పడ్డాను. శ్రీకాకుళం జిల్లానుంచి ముప్ఫైమంది ముఠాగా వచ్చారు. అందులో గురువులు పొట్టివాడు, మాటకారి. కర్రల మధ్య నన్ను తాళ్ళతో కట్టి, నా మీద నిలబడి గోడలకు పూత వేసేవాడు. మధ్యాహ్నం నా మీదే కూర్చుని అన్నం తినేవాడు.

"మావిడి సెక్కవి. పళ్ళు కాయడం మానీసి మనుసుల్ని మోస్తన్నావు. నీదీ నా బతుకేరా," అనేవాడు. చెక్కతో మాట్లాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండేది.

మూడో అంతస్తు దగ్గర నన్ను కట్టిన తాడు తెగింది. తాడు చీకిపోయిందని ముఠా అంతటికీ తెలుసు. కొత్త తాళ్ళు రేపు వస్తాయని మేస్త్రీ చెబుతూ వచ్చాడు. రేపు రాకముందే నేను ఒరిగిపోయాను. ముందు గురువులు పడ్డాడు, వెనకే నేను పడ్డాను. తప్పు తాడుదేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అయినా అతని కాళ్ళకింద ఉన్నది తాడు కాదు, నేను.

మోసుకెళ్ళడానికి ఏమీ దొరక్క అతన్ని నా మీదే పడుకోబెట్టి గేటుదాకా మోశారు. పడేసినవాణ్ణే మోసుకెళ్ళాను. ఆసుపత్రివాళ్ళు వెన్నుపూస దెబ్బతిన్నదని, పెద్ద ఆపరేషను చేస్తే లేచి తిరగవచ్చని, చెయ్యకపోతే ఇంతేనని చెప్పారు. ఆ రోజునుంచి కాంట్రాక్టరు ఫోను మోగలేదు. పనిచేసేవాడికే షెడ్డు, పడుకున్నవాడికి కాదు. వారం తిరక్కుండా షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు.

గురువులు భార్య పేరు దాలమ్మ. ఎముకలన్నీ కనబడే మనిషి, నడక మాత్రం పరుగులాగే ఉంటుంది. ఊళ్ళో సెంటు భూమి లేదు, అయినవాళ్ళందరూ ఏదో ఒక పట్నంలో ఇలాగే షెడ్లలో ఉన్నారు. వెనక్కి వెళ్ళి చేసేదేముంది? అందుకని నగరానికి ఒక కొసన, కొత్తకుంటలో ఒక గది చూసుకుంది. అక్కడ వరసగా పొడవాటి బ్లాకులున్నాయి. గోడలున్నాయి, కుళాయిలున్నాయి, పిల్లలు ఆడుకునే జారుడుబల్ల కూడా ఉంది. పని మాత్రం లేదు. పనున్న చోటికి పనివేళకు అందే బస్సు లేదు. అందుకే గదులు చౌక. నన్ను కూడా తెచ్చుకుని గురువులు మంచం పక్కన మందులు పెట్టుకునే అరగా గోడవారన ఇటుకల మీద వేశారు.

దాలమ్మ కాలనీ చుట్టుపక్కల పని వెతికింది. అక్కడ ఇరవై ఇళ్ళకు ఇరవై మంది పనివాళ్ళే ఉన్నారు, చేయించుకునేవాళ్ళు ఎవరూ లేరు. చివరికి, కట్టడం పూర్తయి తెరిచాక, ఆ అద్దాల మేడలోనే తుడిచే పని దొరికింది. మొగుడు పూతపూసిన గోడలను పెళ్ళాం తుడవాలి. ఆ పనిలో ఆశ ఒకటి ఉంది. ఆరు నెలలు తెగకుండా పనిచేస్తే ఆసుపత్రి కార్డు ఇస్తామని పనిలో పెట్టిన ఏజెన్సీవాళ్ళు చెప్పారు. ఆ కార్డుంటే గురువులు ఆపరేషను జరుగుతుంది. షరతు కూడా చెప్పారు. పొద్దున్నే ఏడుగంటలకల్లా గేటు దాటాలి. నెలకు రెండు ఆలస్యాలు ఓర్చుకుంటారు, మూడోది పడితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఖాళీ ఉంటే, మళ్ళీ మొదటి రోజునుంచి.

కొత్తకుంటనుంచి మొదటి బస్సు ఏడుంపావుకు బయల్దేరుతుంది. బస్సు వేసినవారికి దాలమ్మ షరతు తెలియదు, షరతు పెట్టినవారికి బస్సు వేళ తెలియదు. ఎవరి పని వారు సక్రమంగానే చేశారు.

మిగిలింది జంగయ్య ఆటో. జంగయ్య నల్లగొండ వైపు మనిషి, యాభై దాటినవాడు, గొంతు పెద్దది. తెల్లవారుజామున కూరగాయల మార్కెట్టుకు వెళ్ళే నలుగురు ఆడవాళ్ళు వెనక సీటు అంతా పట్టేస్తారు. దాలమ్మ మొదటి రోజు ఆటో పట్టుకుని బతిమాలింది.

"యాడ కూసుంటవ్ చెల్లె? జాగ లేదు. నా నెత్తి మీద కూసుంటవా?" అన్నాడు జంగయ్య. ఆమె చెయ్యి తియ్యలేదు. అతను కాస్త మెత్తబడ్డాడు. "ఇగో, ఒక్క మాట జెప్త. చెక్క ఉన్నోళ్ళకు సీటుంటది. మంచి చెక్క దెచ్చుకో, నా యెనక అడ్డమేస్త. చెక్క నీదైతే సీటు నీదే. ఇంకెవ్వర్ని ముందు కూసోనియ్య."

ఆ తెల్లవారుజాముల్లో ఇది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు. పత్రం లేదు, సంతకం లేదు. చెక్క తెచ్చినవాళ్ళదే సీటు. ఆ రోజు సాయంత్రం దాలమ్మ గదిలోకి వచ్చి, నా మీదున్న మందు సీసాలు కింద పెట్టి, నన్ను మంచం మీదికి ఎత్తింది.

"మావా, ఆటోకి సరిపడా కొయ్యాలి దీన్ని," అంది.

గురువులు నన్ను చాలాసేపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. జేబులోంచి పెన్సిలు ముక్క తీశాడు. మంచం పట్టినా పెన్సిలు వదల్లేదు ఆ మనిషి. వెల్లకిలా పడుకునే, నన్ను గుండెమీద పెట్టుకుని, జానలతో కొలిచి గీత గీశాడు. దాలమ్మ రంపం పట్టుకుని కోసింది. "గీత మీదే కొయ్యాల, గీత తినీకూడదే దాలీ," అని అతను అంటూనే ఉన్నాడు. కోయడం అయ్యాక పాత సైకిలు ట్యూబు తెప్పించి, నా రెండు కొసలకూ బిగించి చుట్టాడు. పళ్ళతో పట్టి లాగి ముడి వేశాడు.

"ఇదెందుకు మావా?"

"ఈపాలి జారకూడదు గదా," అన్నాడు గురువులు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అలా నేను సీటునయ్యాను. దాలమ్మ నా మధ్యలో కూర్చునేది. ఆమెకు అటూ ఇటూ బట్టల కొట్లో పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళు కూర్చునేవారు. ఆ ఇద్దరికీ ఆదివారం సెలవు, దాలమ్మకు సెలవు లేదు. ఆటో బయల్దేరగానే దాలమ్మ టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పక్క ఖాళీలోంచి వెనక్కి జరిగిపోతున్న దారిని చూస్తూ గొణుక్కునేది. "టైర్ల కొట్టు ఎలిపోనాది. ఏప సెట్టు ఎలిపోనాది. పెళ్ళికూతురు బొమ్మ వొచ్చినాది." పెళ్ళికూతురు బొమ్మంటే నగల దుకాణంవాళ్ళ పెద్ద బోర్డు. ఫ్లైఓవరు కింద మూడు దార్లు చీలుతాయి. మా ఆటో అందులో ఒకదానిలోకి తిరగగానే ఆ బొమ్మ దాలమ్మకు ఎదురుగా వచ్చేది. ఒంటినిండా నగలతో నవ్వుతున్న పెళ్ళికూతురు చిన్నదవుతూ చిన్నదవుతూ పోయేదట. అది కనబడిందంటే మేడ దగ్గరపడ్డట్టు. దాలమ్మ అప్పుడు కొంగుతో ముఖం తుడుచుకునేది.

సాయంత్రం ఆమె ఈ దారిన రాదు. అప్పుడు బస్సు ఉంది, కానీ అది ఊరంతా చుట్టుకుని బజారు మీదుగా వస్తుంది. రెండుగంటలు నిలబడి రావాలి. నేను మాత్రం పగలంతా జంగయ్య ఆటోలో పడి ఉండి, రాత్రికి గదికి చేరేవాణ్ణి. జంగయ్యే తలుపు దగ్గర నిలబెట్టి పోయేవాడు. ఆ విధంగా దాలమ్మ అయిదు నెలలపైన ఒకే దారిని తిరగబడి మాత్రమే చూసింది. షెడ్డులో ఉన్న రోజుల్లోనూ ఆమె ఈ వైపు రాలేదు, ఎదురుగా వచ్చే దారి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. మనుషులకు ఇలాంటివి అవసరం పడ్డప్పుడే తెలుస్తాయి.

ఇంకొక ఆచారం చెప్పాలి. దారిలో పోలీసుల తనిఖీ ఉన్నప్పుడు, ఎదురుగా వచ్చే ఆటోవాళ్ళు లైటు వేసి ఆర్పి సైగ చేస్తారు. వెంటనే జంగయ్య ఆటో ఆపుతాడు. "దిగున్రి, బిరాన దిగున్రి. చెక్క దీస్కొని నడువున్రి. అవతల టైర్ల షాపు కాడ ఎక్కుదురు." నా మీద కూర్చున్నవాళ్ళు నన్ను పట్టుకుని, పోలీసుల ముందునుంచే నడిచి వెళ్తారు. ఆటో వెనక సీటువాళ్ళతో తనిఖీ దాటి వస్తుంది, వెనక నలుగురుంటే మామూలుగా పోలీసులు పట్టించుకోరు. మలుపు తిరిగాక నేను మళ్ళీ సీటునవుతాను. ఒకసారి ఒక కానిస్టేబులు దాలమ్మను అడిగాడు.

"ఏంటమ్మా అది?"

"కర్ర బాబూ. పొయ్యిలోకి."

అతను నా కొసలకున్న రబ్బరు చూశాడు, దాలమ్మ చెప్పులు చూశాడు. "సరే పో," అన్నాడు. ఆ మనిషికి అంతా తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం కూడా ఒక్కోసారి దయే.

అయిదు నెలల ఇరవైరెండు రోజులు గడిచాయి. ఆ నెలలో అప్పటికే రెండు ఆలస్యాలు పడ్డాయి. ఒకటి వానవల్ల, ఒకటి జంగయ్య ఆటో పంక్చరువల్ల. ఇక ఎనిమిది రోజులు నిలబడితే కార్డు. గురువులు మంచం పక్క గోడమీద పెన్సిలుతో గీతలు గీసుకుంటున్నాడు, రోజుకొకటి. "ఎనిమిదే కదే దాలీ. నాను లెగిసి నీకు టీ ఎట్టిస్తాను సూడు," అనేవాడు.

ఆ రోజు ఆదివారం. అక్కచెల్లెళ్ళు రాలేదు. నా మీద దాలమ్మ ఒక్కతే కూర్చుంది. వెనక సీటులో మార్కెట్టువాళ్ళు నలుగురు, వాళ్ళ బుట్టలు. ఆరుంపావుకు ఎదురుగా ఒక ఆటో లైటు వేసి ఆర్పింది. జంగయ్య ఆపాడు. దాలమ్మ నన్ను చంకన పెట్టుకుని దిగి, తలవంచుకుని తనిఖీ దాటి, మలుపు తిరిగి మూసి ఉన్న టైర్ల కొట్టు ముందు నిలబడింది.

ఆటో రాలేదు. కాసేపు చూసింది, కాస్త ముందుకు వెళ్ళి తొంగి చూసింది. ఆ రోజు వచ్చింది మామూలు తనిఖీ కాదు. నాలుగైదు ఆటోలను పక్కకు నిలబెట్టి తాళాలు తీసుకుంటున్నారు. జంగయ్య చేతులు జోడించి ఏదో చెబుతున్నాడు. మార్కెట్టువాళ్ళు బుట్టల కోసం గొడవపడుతున్నారు. జంగయ్య దాలమ్మను చూశాడు. రావద్దని, పొమ్మని, నడుం దగ్గర చెయ్యి ఊపాడు. చెక్క చూస్తే అతని నేరం రెండింతలవుతుంది. ఆమెకు అర్థమైంది. ఫోను గురువులు దగ్గర ఉంటుంది, ఒంటరిగా పడి ఉండే మనిషికి అవసరమని. ఎవరినీ పిలవడానికి లేదు. వేరే ఆటోలు తనిఖీ సంగతి తెలిసి వెనక్కి తిరిగిపోతున్నాయి. ఆరున్నర కావస్తోంది. మేడ రెండు మైళ్ళు కూడా ఉండదు. గట్టిగా నడిస్తే అందుకోవచ్చు.

దాలమ్మ నన్ను భుజాన వేసుకుని నడవసాగింది. నడక కాదు, పరుగే. వేపచెట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ఆమెకు తెలిసిన వేపచెట్టుకు ఒక పక్క కొమ్మ విరిగి ఉంటుంది. ఈ పక్కనుంచి చూస్తే విరిగిన కొమ్మ కనబడదు. చెట్టు దాటి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు గుర్తుపట్టింది. "ఇదే," అంది. అక్కడినుంచి నాలుగడుగులు వెయ్యడం, వెనక్కి తిరిగి చూడడం, మళ్ళీ నాలుగడుగులు. దారిన పోయేవాళ్ళకు పిచ్చిదానిలా కనబడి ఉంటుంది. నేను ఆమె భుజం మీద తిరిగినప్పుడల్లా రోడ్డంతా తిరిగేది.

ఫ్లైఓవరు కిందికి వచ్చింది. మూడు దార్లు. మూడూ ఆమెకు కొత్తవే. ఒక్కొక్క దారిలోకి ఇరవై అడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగి, పెళ్ళికూతురు కోసం వెతికింది. మొదటి దారిలో లేదు. రెండో దారిలో ఇనుప చట్రం మాత్రం ఉంది, బొమ్మ చింపేసి ఉంది. కొత్త బొమ్మ అతికించడానికి శనివారం పాతది పీకేశారు. మూడో దారిలోకి వెళ్ళి వెనక్కి తిరిగితే, ఒంటినిండా నగలతో పెళ్ళికూతురు నవ్వుతోంది.

"అమ్మయ్య," అంది దాలమ్మ.

నగల దుకాణంవాళ్ళు ఒక బొమ్మతో సరిపెట్టుకోరు. ఊరంతా అదే పెళ్ళికూతుర్ని నిలబెడతారు. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమెకు తెలిసిన పెళ్ళికూతురు ఒక్కతే. నాకు మాత్రం తెలుసా? ఆటోలో నాకు కనబడేవి కాళ్ళూ చెప్పులూ మాత్రమే. ఆరు నిమిషాలు తప్పుదారిలో పరుగెత్తాం, ధైర్యంగా.

దారి పొడవునా ఎత్తయిన ప్రహరీలు, పూలతీగలు వచ్చేసరికి ఆమె నడక మందగించింది. వ్యాయామం కోసం నడుస్తున్న ఒక పెద్దమనిషి ఎదురుపడ్డాడు.

"బాబూ, అద్దాల మేడ ఎటు?"

"ఏ అద్దాల మేడమ్మా?" అని ఆయన చుట్టూ చూశాడు. నిజంగానే చూశాడు. ఎటు చూసినా అద్దాల మేడలే. మెడలో వేలాడుతున్న పని గుర్తింపు కార్డు చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. "అయ్యో, ఇటు కాదు. వెనక్కి వెళ్ళి ఫ్లైఓవరు కింద మధ్య దారి పట్టాలి. దగ్గరే. కార్లో అయిదు నిమిషాలు."

దాలమ్మ వెనక్కి తిరిగింది. అప్పుడు పరుగెత్తిన పరుగు నేను ఏ మనిషిలోనూ చూడలేదు. టిఫిను డబ్బా ఒక చేత, నేను భుజం మీద. చెప్పు తెగితే వదిలేసింది. నేను ఆమె మెడను ఒరుస్తున్నాను, చెవికి తగులుతున్నాను, ప్రతి అడుగుకూ జారి ఆమెను ఆపుతున్నాను. నన్ను పారెయ్యి తల్లీ అని అరిచాను. చెక్క అరుపు ఎవరికి వినబడుతుంది? ఒకచోట నిజంగానే నన్ను కాలవగట్టు మీద పారేసింది. పది అడుగులు వెళ్ళింది, ఆగింది. "నువ్వు నేకపోతే రేపు సీటు నేదు," అని వెనక్కి వచ్చి ఎత్తుకుంది. రేపటి సీటు కోసం ఇవాళ్టి నిమిషాలు పోయాయి. ఆ నిమిషాలు నేనే తిన్నాను. ముందు మొగుణ్ణి పడేశాను, ఇప్పుడు పెళ్ళాం కాళ్ళకు అడ్డంపడ్డాను. నాకంటే చితిలో కాలిన నా తోబుట్టువులు నయం.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడూ నాలుగు. గేటు పక్కన ముఖం చూసి లోపలికి పంపే యంత్రం ఒకటుంది. దాలమ్మ దానిముందు ముఖం పెట్టింది. అది ఎర్రగా వెలిగి కుయ్‌మంది. చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. కాపలా తాత బాలనర్సయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"తాతా, నాలుగు నిమిసాలే. ఒగ్గీ తాతా. నీ కాళ్ళట్టుకుంటాను."

"ఏం జేద్దు బిడ్డా? మిషను బందైంది. నేను గేటు దీస్తె నా నౌకరి వోతది. ఆగు, సారును పిలుస్త."

సూపర్వైజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, నిద్రలేని కళ్ళవాడు. ఫోను చూపించి, మూడో ఆలస్యం అప్పుడే పైకి వెళ్ళిపోయిందని, పేరు దానంతట అదే పోతుందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. "ఒకటో తారీకున రా అమ్మా. ఖాళీ ఉంటే మళ్ళీ కొత్తగా రాసుకుంటా."

"కొత్తగా అంటే, మల్లీ ఆరు నెల్లా బాబూ?"

అతను లోపలికి వెళ్ళాడు.

దాలమ్మ నన్ను ప్రహరీ వారన రెండు ఇటుకల మీద పెట్టి కూర్చుంది. మొదటిసారి నా మీద ముందుకు చూస్తూ కూర్చుంది. ఎదురుగా మేడ. మూడో అంతస్తు దాకా చూసి అక్కడ ఆగిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత బరువు దిగేది. ఎండెక్కాక టిఫిను డబ్బా విప్పి, అందులో అన్నం కుక్కకు పెట్టి, లేచి వెళ్ళిపోయింది. నన్ను తీసుకోలేదు. మరిచిపోయిందో, వదిలేసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాతి కథ చిన్నదే. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గేటు దగ్గర గొడవ చేస్తున్నారని, ఒక బోర్డు పెట్టమని పైవాళ్ళు చెప్పారు. బాలనర్సయ్య చుట్టూ చూశాడు, గోడవారన నేను కనబడ్డాను. సిమెంటు మచ్చలు లేని పక్కన తెల్లరంగు వేశాడు. దాని మీద ఎర్రటి అక్షరాలు ఓపిగ్గా రాశాడు: ఉదయం 7 దాటిన తరువాత లోనికి అనుమతి లేదు. తాత చేతిరాత చక్కగా ఉంటుంది. వైరుతో గేటుకు వేలాడగట్టాడు. నేను మళ్ళీ ఆ మేడకే చేరాను. ఈసారి ఎవరినీ మోయనక్కర్లేదు, ఆపితే చాలు.

అక్కడినుంచి నాకు మనుషుల ముఖాలు కనబడుతున్నాయి. ఏడూ ఒకటికి, ఏడూ మూడుకు, రొప్పుతూ వస్తారు. నన్ను చదువుతారు. చదవడం రానివాళ్ళు చదివినవాళ్ళ ముఖం చూసి తెలుసుకుంటారు.

అయిదో రోజున దాలమ్మ వచ్చింది. పొద్దున బస్సులో వచ్చినట్టుంది, పది దాటింది. కాలికి వేరే చెప్పులు. సూపర్వైజరును అడిగింది. ఆమె చోట్లో వేరే మనిషి చేరిపోయిందని, ఒకటో తారీకుకూ ఖాళీ ఉండదని చెప్పి పంపాడు. బాలనర్సయ్య ఆమెకు గ్లాసుతో నీళ్ళిచ్చాడు.

"మీ ఆటో ఆయన ఏమైండు బిడ్డా?"

"ఆటో ఒదిలీసినారు తాతా. సెక్క ఎయ్యనని రాయించుకున్నారు. ఇప్పుడు ముగ్గుర్నే ఎక్కిస్తన్నాడు." ఆమె నీళ్ళు తాగి గ్లాసు ఇవ్వబోతూ నన్ను చూసింది. దగ్గరికి వచ్చింది. "ఏటి రాసినారు తాతా దీని మీద?"

బాలనర్సయ్య గ్లాసు అందుకున్నాడు. "ఏడు దాటితె లోపలికి రానియ్యరని రాసిన బిడ్డా. నేనే రాసిన."

దాలమ్మ నా కొసనున్న రబ్బరు చుట్టను వేలితో తడిమింది. ముడి దగ్గర గురువులు పంటిగాట్లు ఇంకా ఉన్నాయి. నన్ను కాస్త తిప్పి వెనక పక్క చూసింది. అక్కడ సిమెంటు మచ్చల మధ్య అతని పెన్సిలు గీత కొసన సగం చెరిగినా ఇంకా మిగిలి ఉంది. ఆమె రంపం గీతను తినలేదు, సరిగ్గా పక్కనుంచి పోయింది. ఇంటి గోడమీద గీతలు ఎన్ని దగ్గర ఆగిపోయాయో అడగాలనిపించింది నాకు.

"తీస్కపోతవా బిడ్డా? నీదేనాయె. నేను ఇంకోటి రాస్కుంట," అన్నాడు బాలనర్సయ్య.

దాలమ్మ తల అడ్డంగా ఊపింది. నన్ను మళ్ళీ అక్షరాలు రోడ్డువైపు ఉండేలా తిప్పి, వంకర లేకుండా సరిచేసింది. అరచేత్తో ఒకసారి తట్టింది.

"ఉండనీ తాతా. దీనికైనా దొరికీసింది ఉజ్జోగం."

"పోయే తొవ్వ తెలుసునా మరి?"

"ఇప్పుడు బాగా తెలుసు తాతా," అంది దాలమ్మ. వెళ్తున్నప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.